కిటికీ అక్క ఒంట్లో నూట పద్దెనిమిది మంది

ఆసుపత్రిలో చీటీలిచ్చే కిటికీ మూరెడు ఎత్తు, అంతకన్నా కాస్త తక్కువ వెడల్పు. దాని వెనక పంతొమ్మిదేళ్ళుగా కూర్చున్న మనిషికి ఊళ్ళో సగంమంది ముఖాలు తెలుసు గానీ, మెడ కింద ఎవరెలా ఉంటారో తెలియదు. బజార్లో ఎవరైనా నవ్వుతూ ఎదురొస్తే తెల్లమొహం వేస్తుంది. ఆ మనిషి నడుం వంచి, మెడ ముందుకు చాచి, "అక్కా, నేను" అన్నాడంటే మాత్రం "ఓరి నాయనా, కుడి మోకాలు బాబాయివి కదూ!" అని అక్కడికక్కడే మంచీచెడూ మొత్తం విచారిస్తుంది. ఆమెను అందరూ కిటికీ అక్క అంటారు. తనకంటే ఇరవయ్యేళ్ళు పెద్దవాళ్ళు కూడా అక్కే అంటారు. మొదట్లో ఉడుక్కునేది. తర్వాత అలవాటైపోయింది.

నిజానికి ఆమె వచ్చింది మూడు నెలలకి. అంతకుముందు ఆ కిటికీలో కూర్చునే ఆవిడ సెలవు పెట్టి వెళ్ళింది, ఈమెను తాత్కాలికంగా తీసుకున్నారు. ఆవిడ తిరిగి రాలేదు, ఈమెను ఎవరూ వెళ్ళమనలేదు. నేర్పిన పని కూడా పెద్దగా ఏమీ లేదు. పేరూ వయసూ రాయి, చీటీ చింపు, తర్వాతి మనిషిని పిలు. అయితే ఒకే పేరున్నవాళ్ళు రోజుకి ముప్పైమంది వచ్చే చోట ఆ మాత్రం చదువు చాలదని రెండో వారంలోనే తెలిసింది. ఒకరి కార్డు ఇంకొకరి చేతికి పోయి, చెవి మనిషికి కంటి చుక్కలిచ్చి పంపించారు. ఎవరికీ ఏమీ కాలేదు గానీ ఆమెకు రెండు రోజులు అన్నం సహించలేదు. అప్పటినుంచి ప్రతి కార్డు మూలనా పెన్సిలుతో ఒక ముక్క రాయడం మొదలుపెట్టింది. 'ఎడమ కనుబొమ్మ మీద గాటు.' 'గట్టిగా మాట్లాడాలి.' 'కోడలు జవాబు చెబుతుంది, అత్తనే అడగాలి.' 'తలెత్తి చూడడు, తిట్టకూడదు.'

ఈ పంతొమ్మిదేళ్ళలో ఆసుపత్రికి మూడు కంప్యూటరు పద్ధతులు వచ్చాయి, మూడూ పోయాయి. మొదటిది తొంభై తొమ్మిది దాటిన ముసలివాళ్ళను ఇంకా పుట్టనివాళ్ళ కింద జమకట్టేది. రెండోది ఇంటిపేరు చెబితే తప్ప కదిలేది కాదు. రోడ్డు మీద పడిపోయి స్పృహ లేకుండా వచ్చినవాడిని ఇంటిపేరు ఎలా అడుగుతామని మొత్తుకుంటే, స్పృహ వచ్చాక అడగమన్నారు. మూడోదాని సంగతి చెప్పుకోకపోవడమే మర్యాద. ప్రతిసారీ అటకెక్కిన కార్డులు మళ్ళీ కిందికి దిగాయి, ప్రతిసారీ ఆ పెన్సిలు ముక్కలే ఆసుపత్రిని గట్టెక్కించాయి. ఆ సంగతి మాత్రం ఏ కాగితంలోనూ ఎక్కలేదు.

ఆసుపత్రి అధిపతిని పెద్ద డాక్టరు అంటారు. చెడ్డవాడు కాదు, తీరిక లేనివాడు. నాలుగోసారి డబ్బు మంజూరయ్యేసరికి ఆయనకూ భయం పట్టుకుంది. ఎక్కడో పెద్ద పేరున్న నిపుణుణ్ణి పిలిపించాడు. మెత్తటి గొంతు, తోలు సంచీ, సంచీ నిండా రంగురంగుల కాగితాలు. ఆయన నోరు తెరిస్తే పద్ధతి అనే మాట రాకుండా ఉండదు కాబట్టి రెండో రోజుకే పద్ధతులాయన అయిపోయాడు. ఆయన చెప్పింది ఏమిటంటే, మూడుసార్లూ యంత్రం చెడ్డది కాదు, యంత్రాన్ని తయారుచేసిన తీరు చెడ్డది. దాంతో పని ఉన్నవాళ్ళను ఎవరూ అడగలేదు. కాబట్టి ఈసారి ముందు యంత్రం జోలికి పోవద్దు, అసలు యంత్రాన్ని ఎలా తయారుచేయాలి, ఎవరెవర్ని అడగాలి, ఎలా అడగాలి, ఎవరి మాట ఎంత చెల్లాలి అనేదానికి ఒక పద్ధతి కట్టాలి. ఆ పద్ధతి కట్టడంలో కూడా అందరూ ఉండాలి. ఇక్కడిదాకా వంక పెట్టడానికేమీ లేదు, బంగారంలాంటి మాట.

డాక్టర్లు పదకొండు మంది వస్తామన్నారు. ఆఫీసునుంచి ఐదుగురు, యంత్రం చేసే కంపెనీనుంచి నలుగురు. కింది సిబ్బంది తరఫున ఎవరన్న దగ్గర చిక్కొచ్చింది. నర్సులు వార్డు వదిలి రావడానికి లేదు. మందుల గదాయన, "నేను కుర్చీలోంచి లేస్తే ఆసుపత్రి ఆగిపోతుంది" అన్నాడు. చివరికి ఎవరో, "మన కిటికీ అక్క ఉందిగా, ఎప్పుడూ కూర్చునే ఉంటుంది" అన్నారు. అలా ఎన్నికైంది.

సమావేశాలు మంగళవారం పది గంటలకి. మంగళవారం ఏళ్ళ తరబడి మందులు వాడేవాళ్ళ రోజు, లైను గేటు దాటి రోడ్డు మీదికి పోతుంది. ఆమె లేచి వెళ్తే అక్కడ కూర్చోవడానికి ఇంకో మనిషి లేదు. పద్ధతులాయన దానికీ ఉపాయం చెప్పి, స్వయంగా ఒక అట్ట రాయించి కిటికీకి తగిలించాడు. 'మీ అందరినీ భాగస్వాములను చేయడానికి సమావేశం జరుగుతున్నందున ఈ కిటికీ మధ్యాహ్నం వరకు మూసివేయబడినది.' చదవగలిగినవాళ్ళు చదవలేనివాళ్ళకు చదివి వినిపించారు. విన్నాక ఇద్దరూ ఒకే రకంగా నిలబడ్డారు.

లోపల చల్లగా ఉంది. పొడుగాటి బల్ల, మెత్తటి కుర్చీలు, గోడ నిండా తెల్ల కాగితాలు. రోగుల ప్రతినిధి అని ఒక పెద్దమనిషిని కూడా పిలిచారు. ఆయన పెద్ద డాక్టరు పక్కింటాయన, బ్యాంకులో చేసి రిటైరయ్యాడు. ఆసుపత్రిలోకి అడుగుపెట్టడం అదే మొదటిసారి, బీపీ రెండిళ్ళ మధ్య గోడ మీంచే చూపించుకుంటాడు. కిటికీ అక్క తలుపు పక్క కుర్చీలో అంచున కూర్చుంది. ఆమెకు బయట లైను కదలని చప్పుడు వినిపిస్తూనే ఉంది. కదిలే లైనుకి ఒక చప్పుడు, కదలని లైనుకి ఇంకో చప్పుడు ఉంటాయని ఆ గదిలో ఆమెకొక్కదానికే తెలుసు.

అందరికీ తలా ఒక పచ్చ కాగితం, తలా మూడు ఎర్ర చుక్కలు ఇచ్చారు. కాగితం మీద తమకు ముఖ్యమైన సంగతి రాసి గోడకు అంటించాలి. తర్వాత ఎవరికి నచ్చినదాని మీద వాళ్ళు చుక్కలు పెట్టాలి. ఎక్కువ చుక్కలొచ్చినవే కొత్త యంత్రంలోకి వెళ్తాయి.

"పెద్ద డాక్టరుగారికీ మూడే చుక్కలు, మీకూ మూడే చుక్కలమ్మా" అన్నాడు పద్ధతులాయన ఆమె వైపు వంగి. "ఇంతకన్నా న్యాయం ఎక్కడైనా ఉందా?"

ఆమె చాలాసేపు ఆలోచించి, 'ఫోను లేనివాళ్ళకి కూడా మందులు అందాలి' అని గుండ్రంగా రాసింది. అప్పటికే అనుకుంటున్నారు, కొత్త యంత్రంలో ప్రతి రోగికీ ఫోను నంబరే గుర్తు అని. నంబరు కొడితే ఫోనుకి ఓటీపీ వస్తుంది, ఓటీపీ చెబితే మందులిస్తారు. ఆమె కిటికీ ముందు రోజుకి పాతికమంది ఫోను లేనివాళ్ళు వస్తారు. వాళ్ళు ఏమైపోతారన్నదే ఆమె బాధ. తన మూడు చుక్కలూ తన కాగితం మీదే పెట్టుకుంది. రోగుల ప్రతినిధి జాలిపడి ఒకటి వేశాడు. మొత్తం నాలుగు. తెర మీద అక్షరాలు నీలంగా ఉండాలన్నదానికి పంతొమ్మిది వచ్చాయి. ఎందుకు రావు, ఒకే బల్ల దగ్గర ఒకే రకం కుర్చీల్లో కూర్చునేవాళ్ళు పదహారు మంది ఉన్నారు.

నాలుగు చుక్కల కాగితాన్ని పద్ధతులాయన చింపేయలేదు, ఆ మాట అనకూడదు. గోడ మీద వేరే షీటు ఉంది, పైన 'తర్వాత చూద్దాం' అని రాసి ఉంది. దాన్ని తీసుకెళ్ళి ఎంతో జాగ్రత్తగా అక్కడ అంటించాడు.

కిటికీ అక్కకు సభల్లో నోరు పెగలదు. ఆ రోజు మాత్రం లేచి అడిగింది. "అయ్యా, ఫోను లేనివాళ్ళని ఒక్కరినైనా ఇక్కడికి పిలిచారా?"

"అయ్యో, పిలవకుండా ఉంటామా? రోగులందర్నీ రమ్మని మెసేజిలు పంపించాం కదమ్మా. వాళ్ళ దగ్గర్నించి ఒక్క జవాబూ రాలేదు" అన్నాడాయన, నిజంగానే నొచ్చుకుని.

చివర్లో కాగితాల కట్ట ఒకటి చుట్టూ తిరిగింది. 'ఈ పద్ధతి అందరి భాగస్వామ్యంతో, అందరి సమ్మతితో రూపొందినది. ఇకపై ఏ మార్పైనా ఇదే పద్ధతిన అందరినీ అడిగి చేయవలెను' అని ఉంది కింద. ఆమె చేతికొచ్చేసరికి పన్నెండున్నర. సమ్మతి ఉందా లేదా అని ఆలోచించే తీరిక ఆమెకు లేదు, బయట జనం ఎండలో ఉన్నారు. గబగబా సంతకం గీకి కిటికీ దగ్గరికి పరుగెత్తింది.

నాలుగు నెలలకి నీలం అక్షరాల యంత్రం వచ్చింది. కార్డులు మళ్ళీ అటకెక్కాయి. మొదటి మంగళవారమే కిటికీలోకి మూటావిడ ముఖం వంగింది. ఆవిడది పాత బట్టల గోదాములో చింకిగుడ్డలు ఏరే పని. సొంత ఇల్లంటూ లేదు కాబట్టి ఉన్నదంతా మూటలో పెట్టుకుని తిరుగుతుంది. ఫిట్స్‌కి రోజూ మాత్ర వేసుకోవాలి. ఏ రోజుతో మాత్రలు అయిపోతాయో ఆ రోజే వస్తుంది, ఒక పూట ముందు రావడానికి పని ఒప్పుకోదు. మూడేళ్ళ క్రితం రెండు రోజులు మాత్రలు తప్పి, గుడ్డలు కత్తిరించే యంత్రం పక్కనే పడిపోయింది. చెయ్యి దక్కింది గానీ రెండు వేళ్ళు దక్కలేదు.

"ఫోను నంబరు చెప్పు."

"ఏ ఫోనక్కా?"

"నీదే."

"నాకు ఫోనెందుకక్కా, నాకెవరు చేస్తారు?"

తెర మీద నంబరు గడి ఖాళీగా మిణుకుమిణుకుమంటోంది. నిండితే తప్ప ముందుకు పోదు. వెనక అరవైమంది. కిటికీ అక్క ఒక్క క్షణం ఆగి తన సొంత నంబరు కొట్టింది. పక్కనే ఉన్న తన ఫోను మోగింది. దాన్లో వచ్చిన అంకెల్ని చీటీ వెనక రాసి మూటావిడ చేతిలో పెట్టింది. "ఇవి మందుల గదిలో చెప్పు. ఈ ఒక్కసారికే, సరేనా? వచ్చే నెలకి ఏదో ఒకటి చూద్దాం."

ఆ ఒక్కసారి ఎలాంటిదో తెలుసు కదా. మూటావిడ వెనక ఉన్న తాతకూ ఫోను లేదు. ఆయన వెనక ఉన్నావిడకు ఉంది గానీ మొగుడి దగ్గరుంది, మొగుడు ఎక్కడున్నాడో ఆవిడకు తెలియదు. నెల తిరిగేసరికి ముప్పైమంది, ఐదో నెలకి నూట పద్దెనిమిది. ఓటీపీలు వచ్చీ వచ్చీ ఆమె ఫోను మధ్యాహ్నానికే సొమ్మసిల్లిపోయేది.

ఇల్లు చేరాక ఇంకో బాగోతం. యంత్రానికి రోగుల మీద శ్రద్ధ ఎక్కువ, సాయంత్రాలు మెసేజిలు పెడుతుంది. ఆమె భర్త లారీల బ్రేకులు బాగుచేస్తాడు, పెళ్ళాం ఫోను ముట్టుకునే అలవాటు లేనివాడు. ఒకరోజు అది పదేపదే మోగుతుంటే తీసి చూసి, చూసి, కుర్చీలో కూలబడ్డాడు.

"ఏమే, నీకు ఏడో నెలంటుందేమిటి ఇది?"

లోపల్నించి అత్తగారు వచ్చింది. "ఎవరికి?"

"నీ కోడలికి."

"నలభై ఆరేళ్ళొచ్చాక ఇదేం పనే? పిల్లాడు పెళ్ళికొచ్చాడు, నలుగురూ వింటే నవ్విపోతారు!"

"నాది కాదత్తయ్యా, లైనులో అమ్మాయిది" అని ఆమె చెబుతుండగానే ఫోను మళ్ళీ మోగింది. భర్త చదివి, ఈసారి మరీ దిగులుగా చూశాడు. "రేపు పొద్దున పరగడుపున రావాలట. నీ ప్రోస్టేటు చూస్తారట."

నవ్వి నవ్వి ముగ్గురికీ కడుపులు నొచ్చాయి. నవ్వు ఆగాక భర్త నెమ్మదిగా, "ఇది ఎక్కడో తంటా తెచ్చిపెడుతుందే" అన్నాడు. ఆమెకూ తెలుసు. తెలిసినా మర్నాడు ఇంకో ముగ్గురికి కొట్టి ఇచ్చింది.

తంటా ఆర్నెల్లకి, ఒక సోమవారం సాయంత్రం వచ్చింది. కంపెనీవాళ్ళు యంత్రాన్ని శుభ్రం చేద్దామనుకున్నారు. ఒకే నంబరు మీద ఒకటికి మించి పేర్లుంటే అవన్నీ ఒకే మనిషివన్నది వాళ్ళ తర్కం. యంత్రం అలాగే ఊడ్చేసింది. ఆ నంబరు మీద మొదట నమోదైంది ఆసుపత్రి ఉద్యోగిగా కిటికీ అక్క పేరు. మిగతా నూట పద్దెనిమిది పేర్లూ చెరిగిపోయి, వాళ్ళ జబ్బులూ మందులూ తేదీలూ వచ్చి ఆమె పేరు కింద చేరాయి. మంగళవారం తొమ్మిదిన్నరకి మందుల గదాయన, లేస్తే ఆసుపత్రి ఆగిపోయే మనిషి, కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి వచ్చాడు.

"అక్కా, ఎవరు ఓటీపీ చెప్పినా రోగి పేరు నీదే వస్తోంది. షుగరు, ఫిట్స్, ఉబ్బసం, రెండు కళ్ళకీ శుక్లాలు, ఎనిమిదో నెల, ప్రోస్టేటు. ఇన్నుండి కూడా నువ్వు ఉద్యోగానికెలా వస్తున్నావో నాకర్థం కావట్లేదు."

"వేళాకోళం తర్వాత. మందులిస్తున్నావా లేదా?"

"ఎలా ఇవ్వను? ఒకదానికొకటి పడని మందులున్నాయట. ఆసుపత్రి అధిపతి స్వయంగా రోగిని పరీక్షించేదాకా ఏదీ ఇవ్వకూడదని యంత్రం తాళం వేసేసింది. ఇదిగో, ఈవిడకి కూడా లేదన్నాను."

అతని వెనక మూటావిడ ఉంది. మూట విప్పి ఖాళీ మాత్రల అట్ట తీసి చూపించింది.

కిటికీ అక్క కుర్చీలోంచి లేచింది. మేలు చేస్తున్నాననుకుని నూట పద్దెనిమిది మంది గొంతు మీదికి తెచ్చాను కదా అనిపించింది. ఆఫీసుకు పరుగెత్తింది. అక్కడి గుమాస్తా ఫారం ఇవ్వడానికి కూడా ఒప్పుకోలేదు.

"యంత్రంలో ఏ మార్పు కావాలన్నా కమిటీలో అందర్నీ అడగాలక్కా. కమిటీ రెండు నెలల తర్వాత."

"రెండు నెలలా? ఆమెకి ఈ పూటకి లేవు!"

"నన్నేం చెయ్యమంటావు? పద్ధతి అలా ఉంది. పద్ధతి మీద నీ సంతకం కూడా ఉంది, చూపించనా?"

చూపించనవసరం లేదంది. వెనక్కి నడుస్తుంటే ఆమెకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఏడుపు సగం దారిలో ఆగిపోయింది. కోపం కిటికీ దాకా వచ్చింది. రోగిని అధిపతి పరీక్షించాలని కదా యంత్రం అంటోంది, రోగి ఎవరు? ఆమె కిటికీ తలుపు మూసి, వరండాలోకి వచ్చి, గొంతెత్తి అంది. "నా ఫోను మీద మందులు తీసుకునేవాళ్ళందరూ నా వెనకాల రండి."

ఇరవై ముగ్గురు కదిలారు.

పెద్ద డాక్టరు గదిలో ఆ సమయానికి పద్ధతులాయన కూడా ఉన్నాడు. ఇక్కడ పద్ధతి ఎంత బాగా పనిచేసిందో ఇంకో నాలుగు ఊళ్ళ ఆసుపత్రులకు చెప్పడానికి కాగితం రాసుకుంటున్నాడు. తలుపు తెరుచుకుంది.

"ఏమ్మా, కిటికీ వదిలేసి వచ్చావేంటి?"

"రోగిని సార్. నన్ను మీరే చూడాలట. తెర చెప్పింది."

"నీకేమైంది?"

"చాలా అయ్యాయి సార్. ముందు నా ఎనిమిదో నెలకి ఒక కుర్చీ వేయించండి, నిలబడలేకపోతోంది. నా ఫిట్స్ మూట పట్టుకుని గుమ్మంలో ఉంది, ఆమెకి ఈ పూటకి మాత్రల్లేవు. నా శుక్లాలకి మెట్లు కనపడలేదు, ఎవరైనా చెయ్యి పట్టుకుని తీసుకురండి. నా ప్రోస్టేటు సిగ్గుపడి వరండాలోనే ఆగిపోయాడు."

పెద్ద డాక్టరు ముందు విసుక్కోబోయాడు. తర్వాత గుమ్మం వైపు చూశాడు. ఇరవై మూడు ముఖాలు లోపలికి తొంగి చూస్తున్నాయి. పద్ధతులాయన తన నోటు పుస్తకం తిరగేసి, సంతోషంగా, "ఇది మన దృష్టిలో ఉన్నదే సార్. 'తర్వాత చూద్దాం'లో నమోదై ఉంది" అన్నాడు.

పెద్ద డాక్టరు మూటావిడను లోపలికి రమ్మని, చెయ్యి చూపించమన్నాడు. రెండు వేళ్ళ సంగతి అడిగాడు. ఆమె చెప్పింది. ఆయన కాగితం తీసి మాత్రలు రాసి, సంతకం చేసి, "ఇది పట్టుకెళ్ళు, యంత్రం అక్కర్లేదు" అన్నాడు. తర్వాతి మనిషిని రమ్మన్నాడు. ఆ తర్వాతి మనిషిని. మధ్యాహ్నం రెండున్నర దాకా కూర్చుని ఇరవై ముగ్గుర్నీ చూశాడు. మంగళవారం జనాన్ని ఆయన చూసి పదేళ్ళయిందట. వాళ్ళలో నలుగురు ఆయన పాత రోగులే, ఆయనే గుర్తుపట్టలేదు.

ఆ తర్వాత అన్నీ చకచకా జరిగిపోయాయి. యంత్రంలో 'ఫోను లేదు' అనే గడి పెట్టడానికి కంపెనీ మనిషికి పావుగంట పట్టింది, అందులో పది నిమిషాలు టీ తాగాడు. "ఇంత చిన్నదానికి ముందే చెప్పుంటే సరిపోయేది కదమ్మా" అని మందలించాడు కూడా. పద్ధతులాయన నివేదికలో, ఫోను లేని నూట పద్దెనిమిది మందికి సైతం సేవలందించిన ఘనత పద్ధతికి దక్కింది. వారం తిరక్కుండా కిటికీ అక్కకు ఆఫీసునుంచి రెండు కవర్లు వచ్చాయి. ఒకదాంట్లో చొరవ చూపినందుకు ప్రశంసాపత్రం. రెండోదాంట్లో సొంత నంబరు వాడినందుకు సంజాయిషీ నోటీసు. రెంటి కిందా ఒకటే సంతకం. భర్త రెండూ చదివి, ఏది పటం కట్టించమంటావని అడిగాడు.

ఒక పని మాత్రం మిగిలింది. ఆమె పేరు కింద చేరినవాళ్ళను మళ్ళీ విడదీయాలి. పేర్లు చెరిగిపోయాయి, వయసూ మందూ తేదీలే మిగిలాయి. ఎవరెవరో చెప్పగలిగిన మనిషి లోకంలో ఒక్కతే. కాబట్టి ఈసారి ఆమెను నిజంగానే అడిగారు. మూడు రోజులు కంపెనీ మనిషి పక్కన కుర్చీ వేసుకుని చెప్పింది. "డెబ్బయ్యొకటి, ఉబ్బసం, పదో తారీకు. ఈయన మేస్త్రీ తాత, చెవుడు, రాసుకో." "ముప్పై రెండు, షుగరు. ఈ అమ్మాయి బడిలో ఊడుస్తుంది, అబద్ధం చెబుతుంది, మాత్రలు సగమే వేసుకుంటుంది." అతను టైపు చేస్తూ చేస్తూ మధ్యలో ఆగి ఆమె వైపు వింతగా చూసేవాడు. ఆమెకు కాస్త గర్వంగానే ఉండేది, ఎందుకు ఉండకూడదు?

మూడో రోజు సాయంత్రం అతనన్నాడు. "నూట పదిహేడయ్యారు. ఇంకొకరున్నారు. మగమనిషి, యాభై ఎనిమిదేళ్ళు. ఆగకుండా ఆర్నెల్లు వాడాల్సిన దగ్గు మందు. రెండు నెలలు తీసుకున్నాడు, మూడో నెల రాలేదు. ఎవరు?"

ఆమె కళ్ళు మూసుకుంది. తేదీ అడిగింది. చెప్పాడు. యంత్రం వచ్చాక కొత్తగా చేరిన మనిషి, పాత కార్డు లేదు, మూలన పెన్సిలు ముక్క లేదు. ఆ రోజు లైను రోడ్డు దాకా ఉండటం గుర్తొచ్చింది. "ఫోను?" అని అడగడం గుర్తొచ్చింది. "లేదు" అన్న గొంతు కూడా లీలగా గుర్తొచ్చింది, కాస్త బొంగురు గొంతు. అంతే. అప్పటికి తన నంబరు పది అంకెలూ వేళ్ళకు అలవాటైపోయాయి, తలెత్తాల్సిన పని లేకపోయింది. రెండోసారి కూడా అలాగే అయి ఉంటుంది. పంతొమ్మిదేళ్ళలో ముఖం చూడకుండా ఆమె పంపించిన మనిషి అతనొక్కడే. ఆ మందు మధ్యలో ఆపితే ఏమవుతుందో ఆమెకు తెలుసు, మందుల గది గోడ మీద బొమ్మలతో సహా రాసి ఉంటుంది.

"ఎవరక్కా?"

"నాకు తెలీదు" అంది. ఆ మాట అంటుంటే ఆమెకు చచ్చేంత సిగ్గేసింది.

"పేరు లేదు, ఊరు లేదు. తీసేద్దామా మరి? లెక్క సరిపోతుంది."

"వద్దు. తీసేస్తే ఇంక ఎవరికీ గుర్తుండడు. నా పేరు మీదే ఉండనీ."

అందుకే ఇప్పటికీ ప్రతి నెలా ఆమె ఫోనుకి మెసేజి వస్తుంది, మీరు దగ్గు మందు తీసుకోవలసిన రోజు దాటిపోయింది, వెంటనే ఆసుపత్రికి రండి అని. ఆపించరాదూ అంటాడు భర్త. ఆమె ఆపించదు. మర్నాడు కిటికీ ముందు అరవై దగ్గరపడ్డ మగమనిషి ఎవరు వంగినా, చీటీ రాయకముందే తలెత్తి అడుగుతుంది.

"దగ్గు ఎలా ఉంది బాబాయ్?"

"నాకు దగ్గెక్కడిదమ్మా? నడుం నొప్పి."

"సరే, నడుం నొప్పి" అని రాసి, చీటీ చింపి ఇచ్చి, అతని గొంతు మరోసారి వినడానికి "జాగ్రత్తగా వెళ్తావా?" అంటుంది.